రైలెక్కి చదివిన బి.ఎడ్.

మొన్న ఆదివారం కలకత్తా న్యూ టౌన్ నుంచి స్వప్న ఫోను చేసింది. ఆ పిల్లది కరీంనగర్ వైపు. మొగుడికి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తనేమో ఓ ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతోంది. మా తెలుగువాళ్ళ వినాయక పూజలో పరిచయమైంది. అప్పట్నుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది.

"మేడమ్, డిస్టెన్స్‌ల బి.ఎడ్. చేద్దామనుకుంటున్న. గది చేస్తే రేపు హెడ్‌మిస్ట్రెస్‌ను చేస్తరా, చెయ్యరా? కొందరేమో నడవదంటున్నరు."

"చేస్తారమ్మా. నన్ను చేశారు కదా" అన్నాను.

"గట్ల ఒక్క మాటల చెప్తే ఎట్ల? మొత్తం చెప్పుండ్రి."

మొత్తం చెప్పమంటే ఫోనులో అయ్యే పనా! పొయ్యి మీద పప్పు పొంగుతోంది. రాసి పంపిస్తాలే అని పెట్టేశాను. అందుకే ఇది. స్వప్నకే రాస్తున్నాను గానీ, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలెవరు చదువుకున్నా నాకు సంతోషమే.

నా పేరు కనకరత్నం. హౌరా పక్కన లిలువాలో పుట్టాను. మా నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వర్క్‌షాపు గోడ పక్కన తెలుగు బడి ఒకటుంది. అందులోనే చదివాను, పెద్దయ్యాక అందులోనే సైన్సు చెప్పాను, అందులోనే రిటైరయ్యాను. ఇంక్రిమెంట్ల సంగతీ సన్మానాల సంగతీ రాయను, అవి చదివితే నాకే నిద్రొస్తుంది. ఈమధ్య మధ్యాహ్నం కాస్త కన్ను మూస్తే చాలు, బడి కళ్ళలోకి వచ్చేస్తోంది. వర్క్‌షాపు సైరను మోగుతుంది, ఆరో తరగతి పిల్లలందరూ ఒకేసారి కిటికీ వైపు తిరుగుతారు, బ్లాక్‌బోర్డు మీద ఏం రాయాలో నాకు గుర్తురాదు. మెలకువ వచ్చేసరికి టీ చల్లారిపోయి ఉంటుంది.

సొంతూరి అడ్రసు

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకున్నది బి.ఎస్సీ. ఒక్కటే. బి.ఎడ్. లేనిదే ముందుకు పోవని అందరూ అన్నారు. కాలేజీలో చేరాలంటే ఉద్యోగం మానుకోవాలి. ఇద్దరు పిల్లలు, మా ఆయనది చిన్న కాంట్రాక్టు పని, నా జీతం లేకపోతే ఇల్లు నడవదు. అప్పుడే ఆంధ్రాలో ఓ యూనివర్సిటీ దూరవిద్యలో, అదీ తెలుగులో, బి.ఎడ్. చెబుతోందని తెలిసింది. రెండేళ్ళ కోర్సు. పుస్తకాలు పోస్టులో వస్తాయి. వేసవిలో వెళ్ళి క్లాసుల్లో కూర్చోవాలి. పాఠాలు చెప్పే అభ్యాసం మాత్రం ఎవరి బళ్ళో వాళ్ళు చేసుకోవచ్చు.

దరఖాస్తు నింపుతుంటే నాన్న పక్కనే కూర్చున్నాడు. శాశ్వత చిరునామా అనే చోట ఆగాను.

"అదేటి ఆలోచిస్తన్నావు గుంటా? మన ఊరు రాయి" అన్నాడు.

రాశాను. శ్రీకాకుళం వైపు నౌపడ పక్కన ఓ ఊరు, నాన్న పుట్టిన ఊరు. లిలువాలో మా వాళ్ళందరం అంతే. ఇక్కడే పుడతాం, ఇక్కడే పెళ్ళిళ్ళవుతాయి, బెంగాలీ వాళ్ళతో సమానంగా చేపల ధర దగ్గర పోట్లాడతాం. శాశ్వత చిరునామా అనేసరికి మాత్రం తాతలనాటి ఊరు రాస్తాం. శుభలేఖల మీదా అదే, ఇంటి గుమ్మం మీద ఇంటిపేరు కింద కూడా అదే. అబద్ధమాడుతున్నామని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

వేసవి సెలవుల్లో హౌరాలో రైలెక్కేదాన్ని. తెల్లవారేసరికి కిటికీ పక్కన చిలకా సరస్సు వచ్చేది. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగు, మధ్యలో పడవ ఒకటి దేనిమీదా ఆనకుండా ఉన్నట్టుండేది. స్టేషన్ల పేర్లు బెంగాలీ నుంచి ఒడియాకీ, ఒడియా నుంచి తెలుగుకీ మారేవి. మొదటి తెలుగు బోర్డు కనిపించగానే గుండె ఝల్లుమనేది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. నాన్న ఊళ్ళో మా మేనత్త ఇంట్లో దిగి, అక్కణ్ణుంచి క్లాసులకి వెళ్ళేదాన్ని. ఆ ఊళ్ళో నన్ను ఎవరూ పేరుతో పిలవలేదు. "కలకత్తా గుంట వొచ్చింది" అనేవారు. లిలువాలో పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా మేం మద్రాసీలం. మరి నేనెవర్ని అని రైల్లో కూర్చుని ఆలోచించేదాన్ని. ఆలోచిస్తూనే నిద్రపోయేదాన్ని.

క్లాసుల్లో లెక్చరర్లు గబగబా చెప్పుకుపోయేవారు. నా కాలేజీ చదువంతా బెంగాలీ పిల్లల మధ్య సాగింది కాబట్టి తొందరలో నా చెయ్యి తెలుగు మాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసేసేది. పక్కన కూర్చున్న టెక్కలి పంతులమ్మ నా పుస్తకంలోకి తొంగి చూసి, "ఇదేటమ్మా, జాతకమా?" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

నిజం చెప్పాలంటే, ఆ పోస్టులో వచ్చిన పుస్తకాల్లో సగం పడేసినా నష్టం లేదు. అవి చదివి పాఠం చెప్పడం నేర్చుకున్నవాళ్ళని నేను చూడలేదు. రికార్డులు బయట రాయించుకుని, సంతకాలు పెట్టించుకుని గట్టెక్కిన వాళ్ళు నా బ్యాచిలో బోలెడుమంది. అలా చెయ్యాలంటే ఇవాళ్టికీ చెయ్యొచ్చు. రెగ్యులర్ కాలేజీలోనూ చెయ్యొచ్చు, నన్ను ఎవరూ బుకాయించలేరు.

నాకు మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. కారణం మా హెడ్మాస్టరు.

జగ్గారావు మాస్టారు

అప్పటి మా హెడ్మాస్టరు జగ్గారావుగారు. సన్నగా, ఎత్తుగా ఉండేవారు. ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేవారు, తీరా చూస్తే వక్కపలుకు. నా అభ్యాస పాఠాలకి ఆయనే పర్యవేక్షకుడు. మిగతా బళ్ళలో హెడ్మాస్టర్లు టీ తాగుతూ సంతకం పెట్టేసేవారు. ఈయన వచ్చి క్లాసులో కూర్చునేవారు. ఒక్క పాఠం వదిలితే ఒట్టు. నాకు ఒళ్ళు మండేది.

మొదటి పాఠం నీరు ఆవిరవడం గురించి. ఆ వేసవిలోనే నౌపడ ఉప్పు మళ్ళు చూసి వచ్చానేమో, ఉత్సాహం ఆగలేదు. "మన ఊళ్ళో సముద్రం నీళ్ళని మళ్ళలోకి వదులుతారు, ఎండకి నీరు ఆవిరైపోతుంది, తెల్లటి ఉప్పు మిగులుతుంది" అని చేతులు తిప్పుతూ చెబుతున్నాను. నా కళ్ళ ముందు ఆ తెల్లటి కుప్పలూ, వాటి మీద ఎండా మెరుస్తున్నాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. బాగా అర్థమవుతోందనుకున్నాను.

ముందు వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, మన ఊళ్ళో ఎక్కడ? డాన్ బాస్తీ వెనకాలా?" అంది, మా క్వార్టర్ల పక్క పేట పేరు చెప్పి.

క్లాసయ్యాక జగ్గారావు మాస్టారు వరండాలో ఆపారు. "ఏమ్మా, ఎవరికి చెప్పావు పాఠం?"

"పిల్లలకే కదండీ."

"కాదు. నీకు నువ్వు చెప్పుకున్నావు. ఉప్పు మళ్ళు నువ్వు చూసొచ్చావు, వాళ్ళు చూశారా? వాళ్ళు పుట్టిందెక్కడ, పెరిగిందెక్కడ? రేపు మళ్ళీ చెప్పు ఇదే పాఠం."

ఆ రాత్రి ఆయన్ని నానా మాటలూ అనుకున్నాను. మర్నాడు క్వార్టర్ల మధ్య తీగల మీద ఆరేసిన వర్క్‌షాపు బట్టలతో మొదలుపెట్టాను. ఆ బట్టల్లో నీళ్ళు ఎక్కడికి పోయాయని అడిగాను. క్లాసంతా ఒక్కసారి లేచింది. ఒకడు తెలుగులో, ఒకత్తి బెంగాలీలో, వెనకవాళ్ళు హిందీలో. జగ్గారావు మాస్టారు ఏమీ అనలేదు. వక్కపలుకు నములుతూ వెళ్ళిపోయారు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమని మాకందరికీ తెలుసు.

స్వప్నా, నువ్వు అడిగిన దానికి నా జవాబులో సగం ఇదే. నీ కాలేజీ ఎంత దూరంలో ఉందన్నది నాకు అనవసరం. నువ్వు పాఠం చెబుతుంటే ఒక మనిషి పూర్తిగా కూర్చుని విన్నాడా, విని నిన్ను తిట్టాడా? అలాంటి మనిషి దొరికితే చేరు. దొరక్కపోతే ఏ కాలేజీ అయినా ఒకటే.

కామేష్ అడ్డు

జగ్గారావు మాస్టారు రిటైరయ్యాక బడి బాధ్యత నాకప్పగించారు, ఇన్‌ఛార్జ్ అని. ఇన్‌ఛార్జ్ అంటే ఏమిటో తెలుసా? తిట్లన్నీ మనకి, నిర్ణయాలు ఎవరికో. గోడ కూలితే నేనే చూడాలి, గోడ కట్టించాలంటే నాకు అధికారం లేదు. ఏళ్ళు గడిచిపోయాయి. చివరికి పర్మనెంటు హెడ్ పోస్టు నింపుతామన్నారు. సర్వీసులో అందరికన్నా ముందు నేను, నా తర్వాత కామేష్.

కామేష్ లెక్కల మాస్టారు. నాకన్నా బాగా చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. మంచివాడే, పాఠమూ బాగానే చెబుతాడు. కాలేజీలో కూర్చుని బి.ఎడ్. చదివాడు. ఆ గర్వం కాస్త ఉండేది. అతను నా ప్రమోషన్ మీద అభ్యంతరం పెట్టాడు. పెట్టే ముందు నా దగ్గరికి వచ్చి చెప్పాడు కూడా.

"అక్కా, మనసులో పెట్టుకోకు. నాకూ ఇదొక్కటే అవకాశం."

"పెట్టుకోక ఏం చేస్తానురా? కడుపు రగిలిపోతోంది" అన్నాను. టీ మాత్రం ఇచ్చాను.

అతని వాదన గట్టిదే. దూరవిద్య డిగ్రీ అని ఊరుకుంటే సరిపోయేది, అక్కడితో ఆగలేదు. ఆ యూనివర్సిటీ హద్దు ఆంధ్రా వరకే. నేను దరఖాస్తులో ఆంధ్రా చిరునామా రాశాను. అది నిజమైతే, ఆ రెండేళ్ళూ లిలువా బళ్ళో నా హాజరు ఎలా పడింది? హాజరు నిజమైతే చిరునామా అబద్ధం, అబద్ధపు చిరునామాతో వచ్చిన డిగ్రీతో హెడ్‌మిస్ట్రెస్ ఎలా అవుతాను? ఎటు అడుగేసినా గొయ్యే. పోస్టు సంగతి అటుంచి, రెండేళ్ళు చదివి సంపాదించిన బి.ఎడ్. కూడా నాది కాకుండా పోయేలా ఉంది.

విద్యాశాఖ ఆఫీసు నుంచి విచారణకి రమ్మని కబురు వచ్చింది. బడి కమిటీలో ఓ పెద్దాయన, "ఊళ్ళోనే ఉన్నానని చెప్పు, మధ్యలో వచ్చి పోయేదాన్నని అను" అని సలహా ఇచ్చాడు. అలా చెబితే ఆ రెండేళ్ళు నా పిల్లలకి పాఠాలు చెప్పింది ఎవరు? దయ్యమా?

ఇంట్లో నాన్న వేరే పట్టు పట్టాడు. అప్పటికి ఆయనకి కళ్ళు సరిగ్గా ఆనేవి కావు, రోజంతా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేవాడు.

"ఏటి సెప్తావు అక్కడ?"

"ఉన్నదే చెప్తాను. మనం ఉండేది లిలువాలో కదా."

"ఉండీది వేరు, ఊరు వేరు. అది మనూరు కాదని సెప్పీసి వొస్తావేటి? మా అమ్మని మట్టి సేసిన ఊరది."

నేను కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను. ఆయన రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నాడు.

లాంచీ మీద

ఆఫీసు గంగకి అవతల. పొద్దున్నే హౌరా రేవులో లాంచీ ఎక్కాను. చలికాలం. పొగమంచులో బ్రిడ్జి సగమే కనిపిస్తోంది, మిగతా సగం ఎవరో తుడిచేసినట్టుంది. గుర్రపు డెక్క గుంపులు గుంపులుగా నీళ్ళ మీద తేలిపోతోంది. అవతలి ఒడ్డు కనిపించదు, ఇవతలిది వెనక్కి పోయింది. ఇంజను చప్పుడు ఒక్కటే. కాసేపు నాకు విచారణా లేదు, పోస్టూ లేదు. ఇలాగే ఒడ్డు రాకుండా ఉంటే బాగుణ్ణనిపించింది. లాంచీ మీద కామేష్ కూడా ఉన్నాడు. రెయిలింగు పట్టుకుని నా వైపు చూడకుండా నిలబడ్డాడు. మఫ్లరు మర్చిపోయి వచ్చాడు, వణుకుతున్నాడు. పిలిచి నా శాలువా కొస ఇద్దామనుకున్నాను, పౌరుషం అడ్డొచ్చింది.

విచారణ చేసే ఆఫీసరు ఆడమనిషి. బెంగాలీ ఆవిడ, తెల్లజుట్టు, నూలు చీర. నా కాగితాలు తిరగేసింది. దూరవిద్యలో టీచింగ్ ఎలా వస్తుందని అడిగింది.

"మేడమ్, నేను యూనివర్సిటీకి దూరంగా ఉన్నాను గానీ పిల్లలకి దూరంగా లేను" అన్నాను బెంగాలీలో. దారంతా అల్లుకుని వచ్చిన మాట అది. ఆవిడ తల కూడా ఎత్తలేదు. నా ముఖం మాడిపోయింది.

తర్వాత కళ్ళజోడు తీసి అడిగింది. "ఆప్నాదేర్ దేశ్ కొథాయ్?"

ఇక్కడివాళ్ళు అలాగే అడుగుతారు. మీ దేశం ఎక్కడ అంటే మీ పెద్దల ఊరు ఏదని. నాన్న మాట గుర్తొచ్చింది. అయినా చెప్పేశాను.

"మా దేశ్ నౌపడ దగ్గర, మేడమ్. అది మా నాన్నది. నేను పుట్టింది లిలువాలో, ఉన్నది లిలువాలో. అభ్యాస పాఠాలు చెప్పింది లిలువా పిల్లలకి. దరఖాస్తులో ఊరు రాశాను, మా వాళ్ళందరం అలాగే రాస్తాం. మోసం చెయ్యాలని రాయలేదు."

ఆవిడ కామేష్ వైపు తిరిగింది. "ఆప్నార్?" అంది, మరి మీది అని.

"పలాస, మేడమ్" అన్నాడు వాడు ఠక్కున. వాడు పలాస చూసింది రైలు కిటికీలోంచే. గదిలో గుమాస్తాతో సహా అందరం నవ్వేశాం. వాడికి చెవులు ఎర్రబడ్డాయి, కాసేపటికి వాడూ నవ్వాడు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "మాది బరిసాల్" అంది నెమ్మదిగా. దేశ విభజనలో సరిహద్దుకి అవతల పడిపోయిన ఊరది. "నేను కలకత్తాలో పుట్టాను, బరిసాల్ ఎప్పుడూ చూడలేదు. బళ్ళో చేర్చేటప్పుడు మా నాన్న కూడా అదే రాయించాడు." తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ ఆఫీసరైపోయింది. "ఇది నా మనసుకి చాలు, ఫైలుకి చాలదు."

వరసగా అడిగింది. కోర్సుకి నేను చేరినప్పుడు గుర్తింపు ఉందా? ఉంది. వేసవి క్లాసులు ఆంధ్రాలోనే జరిగాయా? జరిగాయి, హాజరు ఉంది. సొంత బళ్ళో అభ్యాసానికి యూనివర్సిటీ ఒప్పుకుందా? ఒప్పుకుంది. సీటు ఇచ్చేటప్పుడు ఊరు చూసి ఇచ్చారా? లేదు, మార్కులు చూసి ఇచ్చారు. చివరికి ఓ తెల్ల కాగితం నా ముందుకి జరిపింది.

"మీ చేత్తో రాయండి. నా నివాసం లిలువా, ఆ ఊరు నా నివాసం కాదు, ఎప్పుడూ కాలేదు అని. ఈ పక్కో ఆ పక్కో తేల్చకపోతే నేనేమీ చెయ్యలేను."

ఒక్క వాక్యం. నా పెన్ను కదల్లేదు. నాన్న కుర్చీలో కూర్చుని నా చేతి వైపు చూస్తున్నట్టే ఉంది. బయట ఎవరో దగ్గుతున్నారు. 'ఎప్పుడూ కాలేదు' అన్నది కూడా రాశాను. రాసి సంతకం పెట్టాను.

ఆర్డరు కొన్ని వారాలకి వచ్చింది. దూరవిద్యలో చదివినంత మాత్రాన ప్రమోషన్‌కి అనర్హురాలు కాదనీ, సీటు ఊరు చూసి ఇవ్వలేదు కాబట్టి నా డిగ్రీ చెల్లుతుందనీ. కామేష్ రసగుల్లాల కుండ పట్టుకుని వచ్చాడు. "అక్కా, ఓడిపోయాను, తినిపించు" అన్నాడు. ఎంత కోపమున్నా వాడి నోట్లో పెట్టక తప్పలేదు.

నాన్న అన్న మాట

విచారణ నుంచి వచ్చిన సాయంత్రమే నాన్న అడిగాడు. "ఏటి రాసిచ్చినావు?"

దాచలేదు. రాసింది రాసినట్టు చెప్పాను.

"అయితే మనకి ఊరు లేదని రాసిచ్చీసినావు."

"అలా కాదు నాన్నా..."

ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, మందు ఇస్తే మింగేవాడు, అంతే. ఆర్డరు చదివి వినిపించినా తల ఊపి ఊరుకున్నాడు. బడిలో దండలు వేశారు, పిల్లలు పాట పాడారు. ఎంతోకాలం ఎదురుచూసిన రోజది. ఏదీ నాకు రుచించలేదు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుని ఉన్నా మనసంతా ఇంటి గుమ్మం దగ్గరే ఉండేది. పోస్టు కోసం నాన్న ఊరిని అమ్మేశానా అని ఒకటే బాధ.

చలి తగ్గుతున్న రోజుల్లో ఓ సాయంత్రం బడి నుంచి వచ్చి ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. వర్క్‌షాపు విడిచిపెట్టారు, సైకిళ్ళు వెళ్తున్నాయి. నాన్న నా తల తడిమాడు. పేరు పెట్టి పిలవలేదు, గుంటా అన్నాడు. ఎన్ని రోజులకి విన్నానో ఆ మాట!

"గుంటా, నాను పోయినాక ఊరికి తీసుకెల్లొద్దు. ఇక్కడే గంగొడ్డున కానిచ్చీండి."

"అవేం మాటలు నాన్నా? మీకు ఊరంటే..."

"ఇను ముందు. నువ్వు ఇక్కడ మనిసినని రాసిచ్చినావు. రేపు నీ పిల్లలూ ఇక్కడోల్లే. మరి నానొక్కన్నే రైలెక్కి అంత దూరం ఎల్లిపోయి, అక్కడ ఎవులితో ఉంటాను?"

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. తల మీద చెయ్యి అలాగే ఉంచాడు.

మరుసటేడు వానాకాలంలో నాన్న పోయాడు. నౌపడ నుంచి మేనత్త కొడుకులు వచ్చి, ఊళ్ళో అన్నీ సిద్ధం చేశాం, తీసుకెళ్దాం అన్నారు. వద్దన్నాను. ఎందుకని అడిగితే, "మాది లిలువా" అని చెప్పాను.